మాజినీ, గారిబాల్డీ: పొసగని పొత్తు

విశాఖదత్తుని ముద్రారాక్షసమును చదివినవారికి తృతీయాంకమునందలి చాణక్యచంద్రగుప్తుల కలహము జ్ఞప్తియందుండకపోదు. గురువు కోపించును, శిష్యుడు ఎదురుచెప్పును, చూచువారెల్ల మౌర్యరాజ్యమునకు చేటు మూడినదని తలంతురు. కాని అది కృతకకలహము. రాక్షసమంత్రిని మోసపుచ్చుటకై గురుశిష్యులు కూడబలుకుకొని ఆడిన ఆట. నాటకమున కనుక అట్టిది చెల్లినది. పందొమ్మిదవ శతాబ్దమున ఇటలీ దేశమున ఇట్టి కలహమే మరి ఇరువురు మహాపురుషుల నడుమ నడచినది. అందు కృతకమైనదేదియు లేదు. ఇరువురును తమ తమ మాటను నిజముగనే నమ్మిరి; నిజముగనే నొచ్చుకొనిరి.

వారు జోసెఫ్ మాజినీ, జోసెఫ్ గారిబాల్డీ. ఇరువురి పేరును ఒకటియే యగుట ఒక వింత. వీరు మన దేశమునకు చిరపరిచితులు. సురేంద్రనాథ బెనర్జీ కలకత్తా విద్యార్థులకు మాజినీని గూర్చి ఉపన్యసించెను. లాలా లజపతిరాయి 1896లో వీరిరువుర జీవితములను ఉర్దూ భాషలో వ్రాసెను. సావర్కరు 1907లో మాజినీ రచనలను మరాఠీలోనికి తెచ్చెను. ఈ విధముగా రెండు పేర్లును రామలక్ష్మణుల పేర్లవలె జంటగా పలుకుట మనకు అలవాటైనది. నేనును చిరకాలము అట్లే తలచియుంటిని. గారిబాల్డీ స్వయముగా వ్రాసికొనిన చరిత్రమునకు ఆంగ్లానువాదము చేతికి చిక్కి, నిఘంటువు ప్రక్కన పెట్టుకొని మెల్లమెల్లగా చదివిన పిమ్మట గాని, ఆ లక్ష్మణుడు ఆ రాముని ఎంతగా నిందించినాడో నాకు తెలియలేదు. ఆశ్చర్యమును, కొంత మనఃక్లేశమును కలిగినవి. ఆ కథనే ఇచట విన్నవించుచున్నాను.

మొదట నాటి ఇటలీ స్థితిని ఒకటి రెండు మాటలలో చెప్పవలెను. నెపోలియను పతనానంతరము 1815లో వియన్నా నగరమున కూడిన రాజులు ఆ దేశమును అన్నదమ్ముల పంపకమువలె ముక్కలు చేసిరి. ఉత్తరమున లొంబార్డీ, వెనీషియా సీమలు ఆస్ట్రియా చక్రవర్తివి. నడుమ రోము, పోపు రాజ్యము. దక్షిణమున నేపుల్సు, సిసిలీలు బూర్బను వంశపు రాజువి. వాయవ్య మూలనున్న పీడ్మాంటు-సార్డీనియా రాజ్యము సావాయ్ వంశముది. ఇవి గాక చిన్న సంస్థానములు కొన్ని. ఇటలీ అను పేరు పటమున కలదు గాని ఆ పేరుగల రాజ్యము లేదు.

మాజినీ 1805లో జెనోవా నగరమున ఒక వైద్యుని ఇంట పుట్టి న్యాయశాస్త్రము చదివినవాడు. దేశము దాస్యమున నున్నదని యౌవనమునుండియు నల్లని దుస్తులే ధరించెను. 1831లో ఫ్రాన్సు దేశపు మార్సేల్సు రేవునుండి ‘యువ ఇటలీ’ యను రహస్యసంఘమును స్థాపించెను. ఇటలీ యంతయు ఒక్క దేశము కావలెను. అందు రాజు ఉండరాదు, ప్రజలే ప్రభువులు కావలెను: ఇది ఆతని మతము. మతమని ఊరక అనలేదు. దైవము, ప్రజలు అను రెండు మాటలును ఆతనికి విడదీయరానివి. గారిబాల్డీ ఆతనికంటె రెండేండ్లు చిన్న. 1807లో నీసు రేవున నావికుని కుమారుడై పుట్టి, బాల్యమునుండియు ఓడలపై తిరిగినవాడు. 1833లో రష్యాదేశపు టాగన్‌రోగ్ రేవున యువ ఇటలీ సభ్యుడొకని నోట ఈ క్రొత్త బోధను విని, ఇంతకాలము తాను వెదకుచున్నది ఇదియే యని పొంగిపోయెను.

ఆ మరుసటి సంవత్సరమే మొదటి దెబ్బ తగిలినది. మాజినీ పథకము ప్రకారము సావాయ్ సీమపై ఒక దండు పడవలెను. అదే సమయమున జెనోవాలో నౌకాసేన తిరుగబడవలెను. గారిబాల్డీ ఇందుకొఱకే పీడ్మాంటు నౌకాసేనలో చేరియుండెను. దండు చెదరిపోయెను, జెనోవాలో తిరుగుబాటు పుట్టనేలేదు. గారిబాల్డీ మారువేషమున కాలినడకను ఫ్రాన్సు చేరి, మార్సేల్సులో ఒక పత్రిక తీసి చూడగా, తనకు మరణదండన విధింపబడినట్లు అందున్నది. తన పేరును అచ్చులో చూచుకొనుట ఆతనికదియే ప్రథమమట!

పిదప గారిబాల్డీ దక్షిణ అమెరికాకు వలసపోయి, బ్రెజిలు, ఉరుగ్వే దేశములలో పండ్రెండేండ్లు పరుల స్వాతంత్ర్యమునకై పోరాడెను. ఎఱ్ఱచొక్కాల దళము పుట్టినది అచ్చటనే; అనితా యను వీరపత్ని లభించినది అచ్చటనే. మాజినీ లండనులో చౌక అద్దె గదులలో, పుస్తకముల గుట్టల నడుమ, పంజరమున పెట్టక గదిలో స్వేచ్ఛగా ఎగురనిచ్చిన పిట్టలతో కాలము గడిపెను. 1841లో హాటన్ గార్డెన్ ప్రాంతమున, వీథులలో వాద్యములు వాయించి పొట్టపోసికొను ఇటలీ పేదపిల్లలకు ఒక ఉచిత రాత్రిబడి పెట్టెను. గ్రంథాలయమున కూర్చుండి ఈ వ్యాసము చదువు మనము ఆ బడిని ప్రత్యేకముగ స్మరింపదగును. ఇంతలో సముద్రముల కావల గారిబాల్డీ చేసిన ప్రతి సాహసమును పత్రికలకెక్కించి, ఇటలీ యువకులకు ఆతని పేరు కంఠస్థము చేయించినవాడు మాజినీయే. 1848లో గారిబాల్డీ స్వదేశమునకు తిరిగివచ్చినప్పుడు ప్రజలు అప్పటికే ఆతనిని వీరుడని ఎఱిగియుండిరి. ఈ ఋణమును చదువరులు మనసున పెట్టుకొనవలెను. దీనిని తీర్చుటలోనే తరువాతి చిక్కంతయు వచ్చినది.

ఆ సంవత్సరమే మొదటి బీటయు కనిపించినది. గారిబాల్డీ వచ్చినవాడు వచ్చినట్లే పీడ్మాంటు రాజగు చార్లెస్ ఆల్బర్టునకు తన కత్తిని సమర్పింపబోయెను. ఆ రాజు ప్రభుత్వమే కదా ఆతనికి మరణదండన విధించినది! ఆస్ట్రియాతో యుద్ధము చేయువాడెవడైనను తనకు మిత్రుడే యని గారిబాల్డీ లెక్క. మాజినీకి ఇది గొంతు దిగలేదు. అయినను రాజసేనలు ఓడి వెనుదిరిగిన పిదప, కృశించిన శరీరముగల ఆ గ్రంథపాఠకుడు భుజమున తుపాకి తగిలించుకొని గారిబాల్డీ దళమున సామాన్య సైనికుడై చేరి, జెండా మోసి, వానలో తడిసి నడచెను. ఆ కొలది దినములు తప్ప, నాయకుడొకడును అనుచరుడొకడునుగా వారు కలిసి నడచినది మఱి లేదు.

అసలు తగవు రోములో పుట్టినది. 1849 ఫిబ్రవరి 9వ తేదీని అచట పోపు ప్రభుత్వమునకు బదులుగా గణరాజ్యము ప్రకటింపబడెను. మార్చి 29న మాజినీ, సాఫీ, ఆర్మెల్లినీ అను ముగ్గురకు పాలనాధికారము ఒప్పగింపబడెను. పేరునకు ముగ్గురు, నడపినది మాజినీ. రాజభవనమున ఒక చిన్న గదిలో నుండి, పూటకూటి ఇంట భుజించి, తలుపులు మూయక వచ్చినవారందరితోను మాటలాడిన పాలకుడాతడు. పోపును మరల గద్దెనెక్కించుటకై ఫ్రెంచివారు సేనాని ఔడినోను సైన్యముతో పంపిరి. ఏప్రిల్ 30న వారు రోము గోడలను సమీపింపగా గారిబాల్డీ ఎదురేగి తరిమికొట్టెను. ఫ్రెంచివారిలో చచ్చినవారును గాయపడినవారును సుమారు 500, పట్టుబడినవారు 365. గారిబాల్డీ ప్రక్కటెముకల యొద్ద గాయపడియు గుఱ్ఱము దిగలేదు. శత్రువు కాలు తడబడుచున్నది. ఇప్పుడే వెంటాడి సముద్రములోనికి నెట్టుదమని ఆతడు ఆనతి కోరెను.

మాజినీ వలదనెను. వలదనుటయే కాదు, ఫ్రెంచి బందీలను మర్యాదచేసి విడిచిపెట్టెను.

ఇదే ఆ ఇరువురి జీవితములలోని ముడి. గారిబాల్డీ చచ్చువరకును ఈ దినమును మరువలేదు. మాజినీ వాదము సైతము అల్పమైనది కాదు. అప్పటికి ఫ్రాన్సు కూడ గణరాజ్యమే. ఏ జాతి స్వాతంత్ర్యముమీదను తన బలమును ప్రయోగింపనని ఆ దేశము 1848 నాటి తన రాజ్యాంగ పీఠికలోనే వ్రాసికొన్నది. రోమువంటి చిన్న రాజ్యము ఒకేమారు ఆస్ట్రియా, నేపుల్సు, స్పెయిను, ఫ్రాన్సులతో పోరి నిలువజాలదు. కావున ఒకరినైనను మిత్రునిగా చేసికొనవలెను. గెలిచినను అవమానింపక పంపినచో ఫ్రెంచి ప్రజలు తమ ప్రభుత్వమును నిలదీయుదురు. ఇది ఆతని ఆశ. తరువాత సూయజు కాలువ త్రవ్వించి ప్రసిద్ధుడైన లెసెప్సు అప్పుడు రాయబారిగా వచ్చి మే 31న ఒడంబడిక సైతము కుదిర్చెను. ఔడినో దానిని త్రోసిపుచ్చెను. ఆలోగా ఆతని సైన్యము ఎన్నో రెట్లు పెరిగినది. జూన్ 4వ తేదీకి ముందు నగరముపై పడనని మాటయిచ్చి, జూన్ 3 తెల్లవారకమునుపే కోట వెలుపలి తోటలను, మేడలను పట్టుకొనెను. తరువాత అడిగిన, నగరమని అంటిని గాని తోటలని అనలేదు కదా యనెను. దస్తావేజులో వ్రాసిన మాట ఒకటి, పొలము గట్టుమీద జరుగు పని మఱియొకటి యగుట నా వృత్తిలో నేను పెక్కుమార్లు చూచినదే. కాని ఒక మహారాజ్యపు సేనాని ఇంత చిల్లర వాదమునకు దిగుట చూచిన ఇప్పటికిని రోత పుట్టును.

నా అభిప్రాయము అడిగినచో, ఏప్రిల్ 30న గారిబాల్డీ చెప్పినదే యుద్ధనీతి. కాని ఆనాడు ఫ్రెంచివారిని సముద్రమున ముంచినను, వారు ఇంకను పెద్ద సైన్యముతో తిరిగివచ్చియుండెడివారే. గారిబాల్డీ తన గ్రంథములో ఈ రెండవ భాగమును ఆలోచింపడు. తన మాట వినియుండిన రోము నిలిచెడిదనియు, నేరము మాజినీదే యనియు వ్రాసెను. అది న్యాయము కాదు.

జూన్ 2న మాజినీ ఆతని సలహా నడుగగా, తనను సర్వాధికారినైన చేయవలెను, లేదా సామాన్య సైనికునిగానైన ఉండనీయవలెను, రెంటిలో నొకటి ఎంచుకొమ్మని బదులు వ్రాసెను. అట్టి బదులు వ్రాసినవానితో కలిసి పనిచేయుట ఎవనికైనను కష్టమే. ఆ నెలయంతయు ముట్టడి సాగెను. జూన్ 30న ఇక గోడలు నిలువవని తేలినప్పుడు శాసనసభ కూడెను. ప్రభుత్వమును, సభయు, సైన్యమును నగరము విడిచి కొండలలోనికి పోయి పోరు సాగింపవలెనని మాజినీ చెప్పెను. రక్తసిక్తమైన వస్త్రములతో యుద్ధభూమినుండి వచ్చిన గారిబాల్డీ కూడ అదే చెప్పెను. రెండు నెలలు కలియని అభిప్రాయములు ఆనాడు కలిసినవి. సభవారు వినలేదు! జులై 2న గారిబాల్డీ సుమారు 4,000 మందితో రోము వెడలెను. వెంబడించు సేనల నడుమ త్రోవ పొడుగునను ఆ దళము కరగిపోయినది. గర్భవతియైన అనితా ఆగస్టు 4న రావెన్నా సమీపమున ఒక రైతు ఇంట ప్రాణము విడిచెను. ఆమెను చేతులార పూడ్చుటకును ఆతనికి వ్యవధి లేకపోయినది. మాజినీ మరల ప్రవాసమునకు పోయెను.

తరువాతి పదేండ్లను వేగముగా దాటవచ్చును. మాజినీ లండనునుండి పథకములు వేయుచునే యుండెను. 1853లో మిలాను, 1857లో సాప్రీ. రెండును విఫలములు, రెంటను యువకులు బలియైరి. గారిబాల్డీ 1854 ఆగస్టులో, ఇట్టి అకాలపు తిరుగుబాట్లకు తన పేరును వాడవలదని పత్రికాముఖమున ప్రకటించెను. పేరెత్తలేదు గాని ఎవరిని గూర్చి యో అందరకును తెలియును. 1856లో పీడ్మాంటు మంత్రి కవూరును కలిసికొని, ‘ఇటలీ, విక్టర్ ఇమాన్యుయేలు’ అను నినాదము క్రిందికి చేరెను. 1859లో రాజుగారి సేనలో మేజర్ జనరల్ అయ్యెను. తాను తయారుచేసిన కత్తి రాజు చేతిలో పడినదని మాజినీ దుఃఖించెను. గారిబాల్డీయో, కత్తి పట్టనేరనివాడు యుద్ధమును గూర్చి ఉపదేశించునని ఎగతాళి చేసెను.

ఇక 1860. ఆ సంవత్సరము వసంతమున కవూరు ఫ్రెంచి చక్రవర్తి సాయమునకు ప్రతిఫలముగా గారిబాల్డీ పుట్టిన నీసునే ఫ్రాన్సునకు ధారపోసెను. తన జన్మస్థానమున తానే పరదేశి యయ్యెను. అయినను ఆ వీరుడు రాజును విడువలేదు. ఏప్రిల్‌లో సిసిలీ ద్వీపమున తిరుగుబాటు పుట్టెను. అది ఆరిపోకుండ కొండకొండకు తిరిగి రగిల్చినవాడు రొసొలీనో పీలో, మాజినీ శిష్యుడు. గారిబాల్డీ వచ్చుచున్నాడని చెప్పి జనమును నిలిపి, మే 21న పలెర్మో సమీపమున గుండు తగిలి చనిపోయెను. గారిబాల్డీ మే 5వ తేదీ రాత్రి క్వార్తో రేవున రెండు పొగయోడలెక్కి 11వ తేదీని సిసిలీలోని మార్సాలాలో దిగెను. ‘వేయిమంది’ యని చరిత్ర కెక్కిన ఆ దళమున నిజముగా నున్నది 1,089 మంది. మే 27న పలెర్మోలో ప్రవేశించెను. సెప్టెంబరు 7న నేపుల్సు నగరమును వశపరచుకొనెను. ప్రపంచ చరిత్రలో ఇట్టి విజయములు అరుదు.

పది దినములకు మాజినీ నేపుల్సు చేరెను. జీవితమంతయు కలగన్న ఇటలీ కన్నుల యెదుట నిలిచియుండగా చూడకుండ ఎట్లుండగలడు? గారిబాల్డీ ఆతనిని ఆదరముతోనే కలిసికొనెను. కాని నగరమున గారిబాల్డీ తరఫున అధికారము నెఱపుచుండిన పల్లవిచీనో అక్టోబరు 3న మాజినీకి ఒక బహిరంగ లేఖ వ్రాసెను. మీరు కోరకయే మీ ఉనికి మాకు చీలిక తెచ్చుచున్నది, కావున దేశహితమునకై నగరము విడిచిపొండని దాని సారాంశము. ముప్పదియేండ్లు ‘ఇటలీ ఒక్కటే’ యని బోధించినవానిని, ఇటలీ ఒక్కటి యగుచున్న దినమున, చీలికదారు వని పొమ్మనుట! మాజినీ పోననెను. స్వతంత్రమైన దేశమున స్వతంత్రుడు ఉండగూడదా యనెను. కొందరు అల్లరిమూకను పోగుచేసి ‘మాజినీకి చావు’ అని వీథులలో అరపించిరి. గారిబాల్డీ ఆ కేకలు విని, ఇటలీవారు ఒండొరుల చావు కోరుట తగదని జనమును మందలించెను. మాజినీ మీద చేయి పడనీయలేదు. కాని ఆతని మాటయు వినలేదు. రాజునకు రాజ్యమిచ్చుటకు ముందు ప్రజాప్రతినిధులను సమావేశపరచి రాజ్యాంగము వ్రాయుడని మాజినీ కోరెను. అక్టోబరు 21న ప్రజాభిప్రాయ సేకరణ జరిపి దక్షిణ ఇటలీని రాజునకు అప్పగించిరి. గారిబాల్డీ సైతము రాజవైభవమేమియు ఆశింపక, నవంబరు 9న ఒక సంచి విత్తనములతో కప్రేరా ద్వీపమునకు పోయి సేద్యము చేసికొనెను. దుక్కి దున్ని విత్తినవాడొకడు. కోసి కుప్ప వేసినవాడొకడు. గాదె నింపుకొనినవాడు మూడవవాడు.

గాంధీమహాత్ముడు 1909లో వ్రాసిన హింద్ స్వరాజ్‌లో ఇటలీని గూర్చి ఒక ప్రకరణమే కలదు. మాజినీ కోరిన స్వరాజ్యము వేఱు, రాజునకు దక్కిన రాజ్యము వేఱు, ఇటలీ సామాన్యజనుల దాస్యము తీరలేదని ఆయన అభిప్రాయము. ఆ ప్రకరణమును చదివినవారికి నేపుల్సులోని మాజినీ బాధ ఇంకను స్పష్టముగా తెలియును. కాని రాజు లేకుండ, కవూరు లేకుండ, 1860లో ఇటలీ ఏకమయ్యెడిదా యని నన్ను నిలదీసి అడిగిన, కాదనియే చెప్పుదును. మాజినీ లేకుండ ఆ 1,089 మంది ఓడ యెక్కియుందురా యని అడిగినను కాదనియే చెప్పుదును.

1864 ఏప్రిల్‌లో గారిబాల్డీ ఇంగ్లండు పోగా లండను నగరము విరుగబడి చూచెను. ప్రభువులు, మంత్రులు విందులు చేసిరి. మాజినీతో ఎక్కువ కలువకుండుట మంచిదని చుట్టునున్నవారు హెచ్చరించుచునే యుండిరి. అయినను ఏప్రిల్ 17న రష్యా ప్రవాసి హెర్జెన్ టెడ్డింగ్టనులోని తన ఇంట ఇరువురకును భోజనము పెట్టెను. అప్పుడు గారిబాల్డీ లేచి, ముందే చేయవలసిన పనిని ఇప్పుడు చేయుచున్నానని చెప్పి, యౌవనమున తాను గురువును వెదకితిననియు, దప్పిగొన్నవాడు నీటిని వెదకినట్లు వెదకి ఈతనిని పొందితిననియు, అందరును నిద్రించుచుండగా మేల్కొనియున్నవాడు ఈతడొక్కడే యనియు నిండుసభలో చెప్పెను. మాజినీ కన్నులు చెమర్చినవట. ముప్పదియేండ్ల ఋణమునకు ఒక్క చెల్లు పడినది.

అది నిలువలేదు. 1867లో రోముపై దండెత్తి నవంబరు 3న మెంటానాలో ఓడినప్పుడు, తన సైనికులు వేలకొలది జారిపోవుటకు మాజినీ మనుష్యుల దుర్బోధయే కారణమని గారిబాల్డీ నిందించెను. 1871లో పారిసు కమ్యూనును మాజినీ ఖండించెను, గారిబాల్డీ సమర్థించెను. అంతటితో ఉత్తరప్రత్యుత్తరములు సైతము లేకపోయెను.

1870లో రోము ఇటలీలో కలిసిపోయినది, కాని గణరాజ్యముగా కాదు. మాజినీ ‘బ్రౌను’ అను మారుపేరుతో పీసా నగరమున ఒక మిత్రకుటుంబము నీడన దాగియుండి 1872 మార్చి 10న మరణించెను. స్వదేశమున, తాను మేల్కొల్పిన ప్రజల నడుమ, మారుపేరుతో! ఆ వార్త విని గారిబాల్డీ కప్రేరానుండి తంతి పంపెను: ఆ మహనీయుని శవపేటికపై వేయిమంది జెండా ఎగురవలెనని.

మహాభారతమున భీష్ముడు సేనాపతిగా నున్నంతవరకు కర్ణుడు ఆయుధము పట్టలేదు. భీష్ముడు అంపశయ్యపై పడిన పిమ్మట ఒంటిగా వచ్చి పాదముల యొద్ద నిలిచి కన్నీరు కార్చెను. భీష్ముడు కన్నులు తెఱచి ఆతనిని దగ్గరకు తీసికొనెను. మాజినీకి ఆ భాగ్యము కలుగలేదు; జెండా వచ్చునప్పటికి ఆతడు లేడు. పైగా తన చరిత్రమును గారిబాల్డీ తుదిసారి సవరించి వ్రాసినది ఆ 1872లోనే. రోము నింద అందు అట్లే యున్నది. మెంటానా నింద అట్లే యున్నది. తంతి పంపిన చేయియు, ఆ పుటలు వ్రాసిన చేయియు ఒక్కటే.

గారిబాల్డీ 1882 జూన్ 2న కప్రేరాలో మరణించెను. తన దేహమును కట్టెలు పేర్చి ఆరుబయట దహనము చేయుడని విధించిపోయినను, పెద్దలు వినక పూడ్చి పైన గ్రానైటు బండ పెట్టిరి. అరువది నాలుగేండ్ల తరువాత, 1946లో అదే జూన్ 2వ తేదీని ఇటలీ ప్రజలు రాజు ఉండవలెనా వలదా యని ఓటు వేసిరి. వలదనువారు ఒక కోటి ఇరువది ఏడు లక్షలు. ఉండవలెననువారు ఒక కోటి ఏడు లక్షలు. సావాయ్ వంశపు చివరి రాజు ఆ నెలలోనే విమానమెక్కి దేశము విడిచిపోయెను.